నాలుకతో తడిపిన కెంపు

మహానందిలో మా కొబ్బరికాయల అంగడి పక్కన ఎర్రరాళ్లు అమ్మేవాడు ఒకడుండేవాడు. చవక గార్నెట్ రాయిని నాలుకతో తడిపి, ఆ మెరుపు ఆరకముందే కెంపని చెప్పి జనం అరచేతుల్లో పెట్టేవాడు.

ఓర్వకల్లు నుంచి వచ్చిన ఒకామె, మొగుడు నెత్తురు కక్కుతున్నాడని ఏడ్చింది.

"ఆస్పత్రికేం పోతావు లేమ్మా. ఈ కెంపు మెడకు కట్టు, నెత్తురు నిలబడతాది" అన్నాడు.

నెల తిరక్కముందే ఆమె బొట్టులేని ముఖంతో వచ్చి, నల్లదారంతో సహా ఆ రాయిని వాడి పళ్లెంలో పడేసింది.

"నువ్వు చెప్పినట్టే కడితిని. మనిషి పాయె గదప్పా!"

ఆమె అటు తిరగ్గానే వాడు దారాన్ని పంటితో కొరికేసి, రాయిని నాలుకతో తడిపి, ఇంకొకామె అరచేతిలో పెట్టాడు.

"తీసుకోమ్మా, శానా పనిచేసే కెంపు."