రెండెకరాల విరేచనాలు

రేపల్లెలో మా పిన్నివాళ్లింట్లో ఇప్పటికీ అందరూ నేను పొరపాటున రొయ్యల మందు కొన్నాననే అనుకుంటారు. కాదు, తెలిసే కొన్నాను. ఈ మాట నా డైరీకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, నవ్వుకోండి.

తెనాలి నుంచి సెలవులకు వెళ్లిన మర్నాడే బాబాయికి విరేచనాలు పట్టుకున్నాయి. తన రొయ్యల చెరువు గట్టు మీద పులిలా తిరిగే మనిషి, తడిసిన అప్పడంలా మంచానికి అతుక్కుపోయాడు.

"ఓఆర్ఎస్ ప్యాకెట్లు తేవే, త్వరగా!" అంది పిన్ని.

నేనేమో అప్పటికే ఫోన్లో పేగులకు మేలుచేసే ప్రోబయోటిక్స్ గురించి చదివి సగం డాక్టర్నయిపోయాను. విరేచనాలకు బాక్టీరియా రకం మేలా, ఈస్టు రకం మేలా అని దారంతా నాలో నేనే చర్చ. తలెత్తేసరికి ‘ప్రోబయోటిక్స్ లభించును’ అని బోర్డు. ఇంకేం చూడకుండా మెట్లెక్కేశాను.

లోపల నలుగురు మగవాళ్లు. వాళ్ల ముందు ఆ రోగం పేరు ఎలా చెప్పను?

"ప్రోబయోటిక్ కావాలండి," అన్నాను, నా చెప్పులను చూస్తూ.

"పేగుకేనా పాపా? మలం తెల్లగా పోతోందా?" అన్నాడు షాపాయన.

ఎంత అనుభవమో అని మురిసిపోయి, "పల్చగానండి," అన్నాను.

"మేత తింటున్నాయా?"

అప్పుడు చూశాను. గోడ నిండా రొయ్యల బొమ్మలే. ‘మా బాబాయికండి’ అంటే సరిపోయేది. కానీ నలుగురూ నా వైపే చూస్తున్నారు.

"కొంచెం తింటున్నాయండి."

"ఎన్నెకరాలు?"

"రెండండి."

"బాక్టీరియాది ఇమ్మంటావా, ఈస్టు కలిసిందా?"

"ఏది మంచిదండి?" అని కూడా అడిగాను, సిగ్గులేకుండా!

కిలో సంచీ చేతిలో పెట్టాడు. మందుల షాపు సంగతే మరిచి ఇంటికి పరుగెత్తాను.

బాబాయి ఒక కన్ను తెరిచి సంచీ చూశాడు. "ఏంటే, నన్ను కూడా చెరువులో దింపుతావా?"

"ఓఆర్ఎస్ ఏదే?" అంది పిన్ని.

నా దగ్గర లేదు. బాబాయి పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. "చూసుకోలేదు పిన్నీ," అని అబద్ధమాడాను. పిన్ని ఎర్రటి ఎండలో తనే పరుగెత్తింది. ఆమె తెచ్చి కలిపిచ్చిన ఓఆర్ఎస్ నీళ్లు గుక్కగుక్కగా తాగి సాయంత్రానికి బాబాయి లేచి కూర్చునేదాకా నేను ఆయన మొహం చూడలేకపోయాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ షాపులోనైనా, ఎంతమంది మగవాళ్లున్నా, విరేచనాలను విరేచనాలనే అంటాను. వినపడకపోతే మళ్లీ అంటాను.

తెనాలి బస్సెక్కిస్తూ బాబాయి అన్నాడు: "నీ మందు వృథా పోలేదమ్మా, మేతలో కలిపి వేశాను. రొయ్యలు నిన్ను అడిగామని చెప్పమన్నాయి."