వంకర అంచులు, ఒక తెల్ల అంచు

ఐర్లండులోని డ్రోహెడాలో మా ఆరాధన జరిగే హాల్లో కుర్చీలు సర్దేది ఎడ్వర్డ్ గారే. వరస ఏ మాత్రం వంకర పోయినా ఆయనకు ఊపిరాడదు. గుంటూరులో ఇరవై రెండేళ్లు బైండింగ్ చేసిన మనిషి. భార్య సులోచన గారికి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక ఆయనా వచ్చి, జెర్రీ అనే ఐరిష్ పెద్దాయన నడిపే పాత పుస్తకాల కొట్టులో పనికి కుదిరారు. అక్కడ అమ్ముడుపోయేవన్నీ అరవై, డెబ్బై ఏళ్ల కిందటి బొమ్మల కథల పుస్తకాలు. కామిక్స్ అంటారు.

వంకర గిట్టని మనిషికి దేవుడు రోజంతా వంకర అంచులే చూపిస్తున్నాడు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: ఇది ఫ్యాక్టరీలో పడిన కోతా, తర్వాత ఎవరైనా కోశారా? తర్వాత కోసిన కామిక్‌కు ఈ లోకంలో పరువు లేదు. నలిగిన అంచు తీసేసి, కొత్తదని నమ్మించడానికి కోశారంటారు.

"వంకరగా ఉంటే ఎవరో కోసినట్టా?" అని ఎడ్వర్డ్ గారు మా దగ్గర విసుక్కునేవారు. "పిన్నులు కొట్టి, కట్టలు కట్టలుగా కత్తి కింద పెడతారు. కత్తి మొద్దుబారితే కాగితం జరుగుద్ది, అంచు పీచు లేస్తది. వంకర అప్పుడే పడింది, కాగితంతో పాటే పసుపెక్కింది. నిన్నగాక మొన్న కోసిందైతే అంచు తెల్లగా ఉంటది. అట్టా, లోపలి కాగితాలూ గీత గీసినట్టు సమంగా ఉంటాయి. పాత పుస్తకంలో కాగితాలు అంత బుద్ధిగా ఎక్కడ కూర్చుంటాయి? రోజుకు పదిమందికి చెప్పాలి ఇదే."

మొన్న మార్చిలో నోరా అనే డెబ్బై దాటిన ఆవిడ పన్నెండు కామిక్స్ తెచ్చింది. సోమవారం వచ్చింది, మంగళవారం వచ్చింది, బుధవారం కొట్టు తెరవకముందే గుమ్మంలో నిలబడింది. వచ్చిన ప్రతిసారీ చేతిలో బ్రౌన్ బ్రెడ్డు, నోట్లో అదే కథ. అవి పోయినేడు చనిపోయిన తమ్ముడు మైకెల్‌వి. చిన్నప్పుడు బోస్టన్ నుంచి మేనమామ పంపితే యాభై ఏళ్లకు పైగా దాచుకున్నాడు. ఆవిడ వాటిని డబ్లిన్‌లో కామిక్స్ సంతకు తీసుకెళితే, ఒక వ్యాపారి నలుగురిలో గట్టిగా, "ఇవన్నీ కోసినవి. మీ తమ్ముడు జనాన్ని మోసం చేద్దామనుకున్నాడు" అన్నాడట.

"నాకు అమ్మక్కర్లేదు ఎడ్వర్డ్. మైకెల్ అలాంటివాడు కాదని నువ్వు చెప్పు. శనివారం మళ్లీ సంత ఉంది. వెళ్లి ఆ మనిషితోనే చెబుతాను."

ఎడ్వర్డ్ గారు కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చూశారు. పదకొండు పుస్తకాలకూ ఫ్యాక్టరీ వంకరే.

"ఆ పెద్దమనిషి భూతద్దం కొనుక్కున్నాడు గానీ, చూడ్డం నేర్చుకోలేదు" అన్నారు. నోరా నవ్వింది.

పన్నెండోది తీశారు. అట్ట మీద చంద్రుడి మీద దిగుతున్న రాకెట్. అంచు తెల్లగా, నున్నగా, గీత గీసినట్టుంది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టేశారు. "రేపు చెబుతానమ్మా" అన్నారు. ఆవిడ నిట్టూర్చి, రేపటికీ బ్రెడ్డు తెస్తానని వెళ్లిపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర సులోచన గారు కనిపెట్టారు. "ఏందండీ, కూరలో చెయ్యి పెట్టి అట్టా కూర్చున్నారు?"

"నోరా గారి తమ్ముడి పుస్తకాల్లో ఒకదాని అంచు కోసింది నేనే సులోచనా. కొట్లో చేరిన మొదటి వారం. ఆయన కవరు వేయించుకుందామని ఆ ఒక్కటీ ఇచ్చిపోయాడు. అంచు నలిగి కనపడింది. మిషన్ కింద పెట్టి మూడు వైపులా కటింగ్ వేశా."

"అడక్కుండానా?"

"గుంటూరులో ఎవర్ని అడిగాం? కటింగ్ వేయకుండా పుస్తకం చేతికిస్తే పార్టీకి మర్యాదా?"

"ఇది గుంటూరా? మీరూ మీ కత్తీ. పోయినేడు నా నర్సింగ్ పుస్తకానికి పేజీ నంబర్లు కూడా ఎగరగొట్టారు." ఆవిడ ఇంకాస్త అన్నం వడ్డిస్తూ, "ఆయనేమన్నాడు?" అని అడిగారు.

"తిప్పి తిప్పి చూశాడు. గ్రాండ్, ఎడ్వర్డ్, బాగుంది, అన్నాడు. జెర్రీ లోపలే ఉన్నాడు. ఒక్క మాట చెబితే ఆ రోజే నా పని పోయేది."

"రేపు మీరు చెబితే పోద్దేమో."

"చెప్పకపోతే చచ్చినాయన మోసగాడవుతాడు."

"ప్రార్థన చేద్దాం పట్టండి" అన్నారు సులోచన గారు. "చేసినా జవాబు అదే వస్తదనుకోండి."

మర్నాడు ఆయన జెర్రీ, నోరా ఇద్దరి ముందూ నిలబడి జరిగింది చెప్పారు. జెర్రీ రెండు చేతులూ తలకు పట్టుకున్నాడు.

"యేసూ, మరియా, యోసేపూ. మూడేళ్లుగా ఈ జిల్లాలో అంచులు చూడాలంటే ఎడ్వర్డే అని ఊరంతా చెప్పుకుంటున్నాను. ఇంకేమేం కోశావు?"

"ఇంకేం లేదు. గోడ మీది క్యాలెండరొకటి."

"అందుకేనా అందులో ఆదివారాలు లేవు?" జెర్రీ కుర్చీలో కూలబడ్డాడు. "మిషన్ తాళం ఇటివ్వు. ఇంకెప్పుడూ దాని జోలికి పోకు. శనివారం ఈవిడతో సంతకు వెళ్లు. నువ్వు చేసింది నువ్వే చెప్పు."

నోరా రాకెట్ బొమ్మ వైపే చూస్తోంది. "ఆ రోజు ఇంటికొచ్చి మైకెల్ అన్నదొక్కటే" అంది. "కొట్లో కొత్త మనిషి చేరాడు, ఎంతో శ్రద్ధగా పని చేస్తాడు, అని. ఈ పుస్తకం మాత్రం మళ్లీ ఎవరికీ చూపించలేదు."

ఎడ్వర్డ్ గారు తల వంచుకున్నారు. నోరా తెచ్చిన బ్రెడ్డు కోసి, ముందు ఆయనకే పెట్టింది.

శనివారం ఆ వ్యాపారి బల్ల దగ్గర పెద్ద వరస. గంట నిలబడ్డాక వీళ్ల వంతు వచ్చింది. ఎడ్వర్డ్ గారు పదకొండూ పరిచి, పసుపెక్కిన అంచులు వేలితో చూపించారు. వ్యాపారి గడియారం చూసుకుంటూ, పెదవి విరుస్తూ, చివరికి నిజమేనని ఒప్పుకున్నాడు.

"ఇది మాత్రం కోసిందే. కోసింది నేను" అని పన్నెండోది ముందు పెట్టారు. "ఆయన కవరు వేయమని ఇస్తే, అడక్కుండా కోశాను."

"ఎందుకు?"

"బాగుంటుందనుకున్నాను."

వ్యాపారి ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత నోరా వైపు వంగి, "అలాగైతే మీ తమ్ముడి తప్పేం లేదు. క్షమించండి" అని గొణిగాడు.

ఎడ్వర్డ్ గారు పుస్తకాలు సర్దలేదు. బల్ల ముందు నుంచి కదలలేదు. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు.

"ఆ రోజు ఇంకా గట్టిగా అన్నారటండీ" అన్నారాయన మెల్లగా. "అంత గట్టిగానే అనండి, మేం వెళ్లిపోతాం."

వ్యాపారి వరస వైపు చూశాడు, నోరా వైపు చూశాడు. గొంతు సవరించుకుని లేచి నిలబడి, మైకెల్ ఏ పుస్తకమూ కోయలేదని, తనే పొరబడ్డానని, వెనకవాళ్లకు కూడా వినపడేలా చెప్పాడు.