సంచిలో దిండ్లు

వచ్చే నెల ఫ్రెండ్స్‌తో ఫిన్లాండ్ వెళ్తున్నాను. అక్కడి అడవుల్లో, బురదనేలల మీద పరిచిన చెక్కపలకల దారుల్లో వారం రోజులు సామాను మోసుకుంటూ నడవాలి. అందుకని అందరూ బరువు సంచితో ప్రాక్టీస్ చేసి ఫోటో పెట్టాలని మా వాట్సాప్ గ్రూప్‌లో రూల్. ఈ రోజు నాకు బద్ధకమేసి, సంచిలో రెండు దిండ్లు కుక్కి, అమెరికాలో మేముండే ట్రాయ్‌లో ఇంటి దగ్గరి పార్కుకి వెళ్లాను.

అక్కడా బురద మీద ఒక్క మనిషి పట్టే పలకల దారి ఉంది. ఫోటో దిగి, గ్రూప్‌లోనూ ఇక్కడ నా పేజీలోనూ పెట్టేసి వస్తుంటే, చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకున్న ఒక పెద్దావిడ ఎదురయ్యారు. నేను తప్పుకునేలోపే ఆవిడే బురదలోకి దిగారు. తెల్ల బూట్లు పూర్తిగా మునిగిపోయాయి.

"అయ్యో, మీరెందుకు దిగారండీ?" అన్నాను.

"పర్లేదు బాబూ. అంత బరువు మోస్తున్నావు, ముందు నువ్వెళ్లు."

లోపల ఉన్నవి దిండ్లని చెప్పలేదు. పైగా ఇంకాస్త ముందుకి వంగి, ఆయాసపడుతూ నడిచాను.

ఆ ఫోటోకి లైక్ కొట్టినవాళ్లు దయచేసి వెనక్కి తీసుకోండి. ఆవిడ మీలో ఎవరి అమ్మగారైనా అయితే, ఈ పోస్ట్ మాత్రం ఆవిడకి చూపించకండి.