పదిలక్షల ఐదువేల తొమ్మిదివందల డెబ్బైమూడు

మాదాపూర్ వెళ్లే బస్సులో టికెట్ నంబరును విడగొట్టడం మా ఇద్దరికీ అలవాటు. అతను బాలానగర్‌లో లేతు మిషన్ మీద పనిచేసే ఆయన కొడుకు. నేను కర్నూలు నుంచి వచ్చి కూకట్‌పల్లి హాస్టల్లో ఉండేదాన్ని. ఇద్దరం ఒకే ఆఫీసులో, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దేవాళ్లం. టికెట్ మీది నంబరు ఏ సంఖ్యలతో శేషం లేకుండా పోతుందో చేత్తోనే తేల్చాలి, కంప్యూటర్ ముట్టకూడదు. అదే మా నియమం.

చాలా నంబర్లు మూడుకో ఏడుకో లొంగిపోయేవి. ఒకరోజు 1005973 వచ్చింది. ఏడుతో భాగిస్తే మూడు మిగిలింది, పదకొండుతో ఒకటి.

"ఏందిది, గింత మొండిదున్నది!" అన్నాడు.

ఇంత సంఖ్య ముక్కలయ్యేదైతే వెయ్యిలోపు ప్రధాన సంఖ్య ఏదో ఒకటి దాన్ని భాగించి తీరాలి. ఆ లోపు ఉన్నవి నూట అరవై ఎనిమిది. పారేసిన ప్రింటవుట్ వెనకవైపు వాటన్నిటినీ నిలువు వరసల్లో రాశాను. రోజుకు నాలుగైదు తేల్చి, పక్కన టిక్కు పెట్టేవాళ్లం. అతను నా సీటు పక్కన రాడ్ పట్టుకుని నిలబడి శేషాలు చెప్తుంటే, నేను ఒళ్లో కాగితం పెట్టుకుని సరిచూసేదాన్ని.

ఎందుకింత పట్టుదలో అతనికి తెలియదు. ఇది ముక్కలైతే నా మనసులో మాట చెప్పేస్తాను, కాకపోతే లేదు అని మొక్కుకున్నాను. అందరితో గలగలా మాట్లాడేదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర నోరు పెగల్లేదు. ఇంజనీరింగ్ చదివి ఏం లాభం!

లిస్టు చివరికొచ్చేసరికి అతనికి బెంగుళూరు ప్రాజెక్టు వచ్చింది. బస్సులోనే ఆ లిస్టు కాగితం తిప్పి అడుగున, అచ్చుపడని మూల చింపి, కొత్త అడ్రసు రాసిచ్చాడు.

"జర ఉత్తరం రాస్తవా?"

"చూద్దాంలే అబ్బా," అన్నాను బింకంగా.

మర్నాడే చివరి ప్రయాణం. మిగిలిన సంఖ్యలన్నీ అయిపోయాయి. ఆఖరిది 991. నూట ఎనిమిది శేషం.

"ఇగ అయిపాయె. ఇది ఇరగదు," అని నవ్వాడు. నేను కిటికీలోంచి బండరాళ్లు చూస్తూ కూర్చున్నాను. ఉత్తరం రాయలేదు. లెక్కే వద్దందని సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు మెట్రోలో రాయదుర్గం దిగుతున్నాను. టికెట్ మీద నలుచదరపు చుక్కలే, విడగొట్టడానికేమీ ఉండదు. అయినా చేతికి రాగానే కళ్లు నంబరు కోసం వెతుకుతాయి. పక్కన రాడ్ పట్టుకుని ఎవరు నిలబడ్డా ఓసారి తలెత్తి చూస్తాను.

మొన్న పాత హ్యాండ్‌బ్యాగు సర్దుతుంటే ఆ అడ్రసు చీటీ దొరికింది. అప్పట్లో ఎన్నిసార్లు తీసినా అడ్రసువైపే చూశాను, మొదటిసారి వెనక్కి తిప్పాను. వెనక నా చేతిరాతలో 997. పక్కన టిక్కు లేదు.

అతను చింపిన మూలకు వెనకే ఉంది, లిస్టులో ఆఖరి సంఖ్య. ఇద్దరం మర్చిపోయాం.

అక్కడే మంచం అంచున కూర్చుని చేత్తో భాగించాను. వెయ్యిన్నీ తొమ్మిది సార్లు. శేషం సున్నా. 997 తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య 1009, రెండింటి మధ్య ఇంకొకటి లేదు. ఏడుపొచ్చింది.

కాసేపటికి పెన్ను తీసుకుని, ఆ సంఖ్య పక్కన టిక్కు పెట్టాను.