చిన్నమ్మకు పట్టిన సినిమా దయ్యం

యుద్ధం రోజుల్లో రాయచోటి నుంచి మా ఊరికి ఒక డేరా సినిమా వచ్చింది. దయ్యం పట్టిన ఇల్లాలి కథ. చేతిలో డబ్బు లేకుండానే తీసినట్టున్నారు పాపం. దయ్యం ముఖానికి పిండి పూసుకుని, నల్ల కంబళి కప్పుకుని వచ్చేది. పరుగెత్తితే కంబళి కింద పంచె కనబడేది. అయినా ఊరంతా ఎగబడింది. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ చూశారు, దయ్యం రాగానే తెర మీదికి వేపాకు విసిరారు.

మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, ఆ యేడే బిడ్డను పోగొట్టుకుంది. ఇంకా బోర్లాపడని పసికందు. మాది నేతపని ఇల్లు. అప్పుడు మగ్గం మీద మధుపర్కాలున్నాయి, పెళ్లిలో వధూవరులు కట్టుకునే బట్టలు.

"శుభానికి పోయే గుడ్డమ్మీ, దాని ముందర ఏడ్సగూడదు" అంది మా అవ్వ, చిన్నాయన తల్లి.

ఒంటి గది ఇంట్లో మగ్గం కనబడని చోటు ఎక్కడుంది? అవి కోసి దించితే ఇంకో పెళ్లివాళ్లవి ఎక్కాయి. చిన్నమ్మ నోరు మూసుకుని మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉండిపోయింది. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకరోజు నన్ను తోడు తీసుకుని ఆ సినిమాకు వచ్చింది. తెర మీద ఇల్లాలు జుట్టు విరబోసుకుని అరవగానే, నా పక్కన చిన్నమ్మ కూడా గుండె పగిలేలా అరిచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు దూరం జరిగారు. తెర మీది దయ్యం ఈమెకు పట్టిందన్న మాట మాకంటే ముందే ఇల్లు చేరింది.

మరునాడు పొద్దున్నే అవ్వ మంత్రగాడిని పిలిపించింది. అతను చిన్నమ్మను వాకిట్లో కూర్చోబెట్టి వేపమండ ఝళిపించాడు.

"ఎవురే నువ్వు?"

"బిడ్డ సచ్చిపోయిన తల్లిని."

ఎవరో బాలింత దయ్యమై వచ్చిందనుకుంది అవ్వ.

"ఏం కావాల నీకు? ఇచ్చి పంపిస్తాం" అన్నాడతను.

"ఏడ్సాల."

దయ్యం అడిగింది ఇవ్వకుంటే పోదని మావాళ్ల నమ్మకం. అవ్వే పోయి మగ్గం మీద దుప్పటి కప్పి వచ్చి, "ఏడ్సి పో తల్లీ" అని దండం పెట్టింది. చిన్నమ్మ బిడ్డను పిలుచుకుంటూ ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఏడ్చింది. చిన్నాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

దయ్యం పోయిందని అందరూ నెమ్మదించారు. ఇక ఆమె కళ్లు తడిస్తే చాలు, అవ్వ చేయి వేపమండ మీదికి పోయేది. చిన్నమ్మ కళ్లు తుడుచుకుని కండె అందుకునేది.

మరుసటి యేడు డేరా మళ్లీ వచ్చింది, ఈసారి దేవుని సినిమాతో. చిన్నమ్మ నా చేయి పట్టుకుని అక్కడిదాకా పోయి టికెట్లు ఇచ్చే మనిషిని అడిగింది.

"ఏమప్పా, ఆ దయ్యం బొమ్మ తేలేదా?"

"లేదమ్మా. దాని రీళ్లు అరిగిపోయినాయి."

చిన్నమ్మ డేరా గుంజ పట్టుకుని కళ్లు తుడుచుకుంది. తరువాత, "పోదాం పా, కండెలు సుట్టాల్సినవి ఉండాయి" అంది.