వెళ్ళని దారుల కబుర్లు

మా చిన్నప్పుడు... దేశం కాని దేశంలో, బెడోక్ అనే పేటలో, తొమ్మిదో అంతస్తులో ఉన్న మా ఫ్లాట్ నుంచి అమ్మా నేనూ ప్రతి శనివారం సాయంత్రం ఇంగ్లండ్ బయల్దేరేవాళ్ళం. కాళ్ళకి హవాయి చెప్పులు, నా చేతిలో నీళ్ళ సీసా, అమ్మ చంకలో ఒక లావుపాటి పుస్తకం... అంతే మా సరంజామా.

ఆ పుస్తకం నిండా ఇంగ్లండ్ పల్లెల్లో నడిచే దారులు, సైకిలు తొక్కే దారులు. నాన్న ఆఫీసులో ఎవరో దేశం వదిలి వెళ్తూ పారేయబోతే నాన్న తెచ్చి అమ్మకిచ్చారు. పెళ్ళికి ముందు అమ్మ తెనాలిలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పేది. కంటితో చూడని పచ్చికబయళ్ళ గురించి అన్నేళ్ళు పాఠాలు దంచేశానని తన మీద తనే జోకులు వేసుకునేది.

పుస్తకంలో ఎలా ఉంటే అలా నడవాలి. చర్చి దగ్గర ఎడమకి తిరగమంటే మేం క్లినిక్ దగ్గర తిరిగేవాళ్ళం. వాగు వెంబడి వెళ్ళమంటే పెద్ద వానకాలువ వెంబడి. గొర్రెల మంద మధ్యలోంచి దాటమంటే బస్సుల కోసం నిలబడ్డ జనం మధ్యలోంచి... అక్కడ మాత్రం అమ్మకి నవ్వు ఆగేది కాదు. దారి చివర సత్రంలో చల్లగా ఏదైనా తాగమని రాసి ఉండేది. మాకు తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటరే సత్రం. చెరో గ్లాసు నిమ్మరసం తాగి ఇల్లు చేరేవాళ్ళం.

నాకు పదేళ్ళు నిండేసరికి అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్... వచ్చాక మంచం. నీళ్ళు కూడా చిన్న గిన్నెతో కొలుచుకుని తాగాలి. నడక మాట దేవుడెరుగు, లిఫ్టు దాకా వెళ్ళి వస్తేనే ఆయాసం.

అయినా మా ప్రయాణాలు ఆగలేదు. నాన్న నాకొక పాత సైకిలు తెచ్చారు. డయాలసిస్ లేని రోజుల్లో అమ్మ మంచం మీద పుస్తకం తెరిచి ఆ పూట దారి చదివేది... నేను తొక్కి వచ్చి చూసినవన్నీ చెప్పాలి. పైపైన చెబితే ఒప్పుకునేది కాదు. కాలువలో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, కొంగ ఒంటికాలి మీద నిలబడిందా, రెండు కాళ్ళ మీదా... అన్నీ కావాలి. నిమ్మరసం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకునేది. ఐసు ఎంత వేశాడు, పులుపు ఎక్కువైందా అని మెల్లగా అడిగేది.

ఆ కాసేపటి కోసం అమ్మ రోజంతా ఎదురుచూసేదని నాకు తెలుసు. తెలిసే చేశాను నేను చేసింది.

ఎదురు బ్లాకు ముందు ఖాళీ స్థలంలో మా క్లాసు పిల్లలు బంతాట మొదలుపెట్టారు. ఒక సాయంత్రం కాసేపు ఆగి ఆడి వెళ్దామనుకున్నాను... ఆటలోనే పొద్దుగూకింది. ఇంటికొచ్చి, వెళ్ళొచ్చినట్టే చెప్పేశాను. అమ్మ విన్నది. ఇంకేముంది, వారం తిరిగేసరికి సైకిలు గోడకి ఆనించడం, ఆడుకోవడం, పైకెళ్ళి కబుర్లు అల్లడం అలవాటైపోయింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు... నావి బాగానే అతికేవి. నిజంగా వెళ్ళినప్పుడు ఒక్కటీ కనబడని ఉడుములూ లకుముకి పిట్టలూ, వెళ్ళని రోజుల్లో బారులు తీరేవి.

పుస్తకంలో ఆఖరి దారి సముద్రం దగ్గర ముగుస్తుంది. మాకు సముద్రమంటే బెడోక్ జెట్టీ... నీళ్ళలోకి చాలా దూరం చొచ్చుకుపోయే వంతెన లాంటిది. ఆ ఒక్క దారీ తను కోలుకున్నాక కలిసి వెళ్దామని అమ్మ దాచి ఉంచింది. ఒక రోజు ఆసుపత్రి నుంచి వచ్చి, ఇంక నువ్వే వెళ్ళి రారా అంది. ఆ మాటకి అర్థం నాకు తట్టలేదు.

కిందకి దిగాను... ఆడుకున్నాను. పైకొచ్చి జెట్టీ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అలలు, ఓడలు, గాలాలు వేసే తాతలు. అమ్మ మధ్యలో ఒక్క ప్రశ్నయినా అడగలేదు. అంతా విని నా చెంప నిమిరింది.

"బాగా చెప్పావు కన్నా. రేపు మాత్రం నిజంగా వెళ్ళి రా."

మా వరండాలోంచి చూస్తే ఆ ఖాళీ స్థలం మొత్తం కనిపిస్తుంది. నేను బయల్దేరిన ప్రతిసారీ అమ్మ ఓపిక తెచ్చుకుని లేచి, కమ్మీ పట్టుకుని, నన్ను చూడ్డానికి నిలబడేదట. ఈ సంగతి నాన్న తర్వాతెప్పుడో చెప్పారు. మొదటి రోజు నుంచీ అమ్మకి తెలుసు. తెలిసే నా కబుర్లన్నీ వింది.

అమ్మ ఆ మాట అనగానే నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కాస్తా ఉక్రోషమైంది. "డోంట్ వాంట్ లా" అని, పోనంటే పోనని అక్కడి యాసలో విసురుగా అనేసి, మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. మూడో రోజు అమ్మని ఆసుపత్రిలో చేర్చారు... మళ్ళీ ఇంటికి రాలేదు.

కర్మలన్నీ అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక సాయంత్రం సైకిలు తీశాను. ఎక్కడా ఆగలేదు. ఎక్స్‌ప్రెస్‌వే కింద దారి దాటి, జెట్టీ చివరి దాకా వెళ్ళాను. ఒక ముసలాయన గాలానికి చిన్న గంట కట్టుకుని కునుకు తీస్తున్నాడు. గంట మోగింది... ఆయన లేవలేదు... చేప దారి చేప చూసుకుంది. ఇది చెబితే అమ్మ ఎంత నవ్వుతుందో అనుకుంటూ ఇంటి దాకా తొక్కాను. తలుపు తీస్తూనే "అమ్మా" అనేశాను.

నాన్న వంటింట్లో కూర కలుపుతున్నారు. స్టవ్ ఆపి, వచ్చి, అమ్మ మంచం మీద కూర్చున్నారు.

"చెప్పు నాన్నా, నేను వింటాను" అన్నారు.

ఏం లేదన్నాను. ఆయన లేచి, మంచం మీద దుప్పటి సర్ది వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా కూతురు సైకిలు మీద వెళ్తే దారంతా ఫోనే గీసి పెడుతుంది... ఎక్కడ తిరిగింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, అన్నీ. అది లిఫ్టు ఎక్కకముందే నాకు తెలిసిపోతుంది. ఏం చూశావే అని అడిగితే, అంతా యాప్‌లో ఉంది కదా నాన్నా అంటుంది. నిజమే... అబద్ధం చెప్పే వీలూ లేదు, మంచం పక్కన కూర్చుని చెప్పే పనీ లేదు.

మీరూ మీ అమ్మ దగ్గర ఒప్పుకోకుండా ఉండిపోయినది ఏదైనా ఉంటే కింద రాయండి, అన్నీ చదువుతాను. అమ్మ ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కడ రాయకండి... వెళ్ళి ఆవిడకే చెప్పండి.