అమ్మా, ప్లీజ్ వెళ్ళిపో

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. మా అబ్బాయి కాలేజీలో ఫ్రటర్నిటీ పెడుతున్నానని చెప్పిన రోజు అది నోట్లోకి కూడా వచ్చింది.

అమెరికాలో ఫ్రిస్కో అనే ఊళ్ళో ఉన్న మా ఇంటి నుంచి వాడి కాలేజీ కారులో నలభై నిమిషాలు. వాడప్పుడు రెండో సంవత్సరం. ఫ్రటర్నిటీ అంటే అన్నదమ్ముల్లా ఉంటామని ఒట్టేసుకుని కుర్రాళ్ళు పెట్టుకునే సంఘం. నాకు మాత్రం ఆ మాట వినగానే తాగుడూ ర్యాగింగూ గుర్తొచ్చాయి. మా ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి వారమే సీనియర్లు నన్ను బల్లెక్కించి పాట పాడించారు. ఇప్పటికీ ఎవరైనా పాడమంటే లేచి వంటింట్లోకి పోతాను.

"ర్యాగింగ్ అన్న మాట వినబడిందంటే నేనే వచ్చి మూయిస్తా," అన్నాను.

"నో ర్యాగింగ్ అమ్మా, అదే మా ఫస్ట్ రూల్. కానీ టెన్ మెంబర్స్ కావాలి. నైన్ మందే ఉన్నాం. ఫ్రైడేకి టెన్ సైన్ చెయ్యకపోతే కాలేజ్ అప్రూవ్ చెయ్యదు."

ఆ తొమ్మిది మందినీ నేను చూశాను. అందరూ బుద్ధిమంతులే, అందరివీ నేల చూపులే. క్రికెట్, పిజ్జా అని కాలేజీ అంతా పోస్టర్లు అంటిస్తే ఒక్కడూ రాలేదు. పిజ్జాలు మూడు రోజులు వీళ్ళే తిన్నారు. హైస్కూల్లో నాలుగేళ్ళూ మా వాడు లంచ్ ఒక మూల బల్ల దగ్గర ఒంటరిగానే తిన్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ సంఘం నిలబడకపోతే వాడు మళ్ళీ ఆ బల్ల దగ్గరికే పోతాడని నా భయం.

నేను ఊరుకునే రకం కాదు. అమ్మల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "గురువారం సాయంత్రం ఆరింటికి మా వాడి కాలేజీ లాన్‌లో కొత్త అసోసియేషన్ మీటింగ్. అక్కడ చదివే మీ అబ్బాయిల్ని తీసుకురండి. పులిహోర నాది." వాడికి మాత్రం చెప్పలేదు. సర్‌ప్రైజ్ అనుకున్నాను.

తీసుకురమ్మన్నందుకు నిజంగానే తీసుకొచ్చారు. పదకొండు కార్లు, పదకొండు మంది అమ్మలు, చెయ్యి పట్టి లాక్కొచ్చిన పదకొండు మంది కొడుకులు. అరగంటలో అది అచ్చం పెళ్ళిచూపులైపోయింది. ఒకావిడ మా వాడి మార్కులు అడిగింది. "ప్రెసిడెంట్ వెజిటేరియనేనా?" అని ఆరా తీసింది ఇంకొకావిడ. మరొకావిడైతే కొడుకు సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకొచ్చింది. కొడుకులు కార్ల చాటుకి చేరి ఫోన్లలో తలలు దూర్చేశారు.

మా వాడు నా దగ్గరికొచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అమ్మా, ప్లీజ్ వెళ్ళిపో."

కోపం రాలేదు. ఏడుపొచ్చింది. పిలవని పేరంటానికి నేను రావడమే కాక ఊరందరినీ వెంటేసుకొచ్చాను మరి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆడవాళ్ళందరినీ పోగేసి రోడ్డవతల కాఫీ షాపుకి తీసుకుపోయాను. గంటసేపు ఎవరి కాఫీ వాళ్ళ ముందే చల్లారింది. "పాపం పిల్లలు," అంది ఫైలావిడ, ఆ ఫైలుని బ్యాగులోకి కుక్కేస్తూ.

తిరిగొచ్చేసరికి లాన్ మీద ఒకటే నవ్వులు. పేపర్ ప్లేట్లలో నా పులిహోర పెట్టుకుని, గుండ్రంగా కూర్చుని, వంతులేసుకుని మమ్మల్ని ఇమిటేట్ చేస్తున్నారు. ఫైలావిడ కొడుకు లేచి వాళ్ళమ్మ నడక నడిచి చూపిస్తున్నాడు. పదో సంతకం అతనిదే. ఎందుకు చేరావు బాబూ అని అడిగాను.

"ఆంటీ, ఇక్కడ అందరికీ సేమ్ మదర్ ఉంది," అన్నాడు.

చీకటి పడేలోపు సంతకాలు పదహారయ్యాయి. మా వాడు ప్లేటు పట్టుకుని నా కారు దగ్గరికొచ్చి, "నువ్వు తిన్లేదు కదా," అన్నాడు. సారీ వాడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పులిహోరలో ఉప్పు తక్కువైందని అప్పుడు తెలిసింది.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఇప్పుడు వాళ్ళు అరవై మందికి పైనే. తెలుగువాళ్ళతో మొదలై గుజరాతీలు, తమిళులు, ఇద్దరు మెక్సికన్ కుర్రాళ్ళు కూడా చేరారు. పక్క ఊరి కాలేజీలో ఇంకో శాఖ పెట్టారు. ర్యాగింగ్ లేదు గానీ కొత్తవాళ్ళు చేరే రోజు ఒక తంతు ఉంది. కొత్తా పాతా తేడా లేకుండా ప్రతివాణ్ణీ అమ్మే కారులో తెచ్చి దించాలి. అమ్మ దూరాన ఉంటే మాలో ఒకరు దించుతాం. అప్పుడు అందరూ లాన్ మీద వరసగా నిలబడి, ఏ భాషవాడైనా సరే, తెలుగులోనే గట్టిగా అరవాలి: "అమ్మా, ప్లీజ్ వెళ్ళిపో!" మేం బుద్ధిగా కాఫీ షాపుకి వెళ్ళాలి. గంట తర్వాత వస్తే వాళ్ళు వండిన భోజనం, వాళ్ళ వడ్డన. ఒక మెక్సికన్ కుర్రాడి అమ్మ ఆ మాటకి అర్థం తెలుసుకుని కడుపు పట్టుకుని నవ్వింది.

మా వాడిప్పుడు శాంటా క్లారాలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఈ తంతు కోసమే ఫ్లైట్‌లో వచ్చాడు. నేనే తీసుకెళ్ళి దించాను. లాన్ మీద అందరూ అరిచారు. వాడు మాత్రం అరవకుండా నా కారు కిటికీ దగ్గరికొచ్చి వంగాడు.

"ఏరా, డైలాగ్ మర్చిపోయావా?"

"నేను వన్స్ అన్నా కదమ్మా. చాలు. గంటలో వచ్చెయ్, నీ ప్లేట్ నేనే పెడతా."

వెళ్దామని గేరు మార్చాను గానీ, కళ్ళు తుడుచుకునేదాకా కారు కదిలించలేకపోయాను. అవతల అరవై మంది ఇంకా అరుస్తూనే ఉన్నారు, నన్ను వెళ్ళిపొమ్మని.